పౌరధర్మబోధనము



ఉన్నతపాఠశాలలలో పౌరధర్మమును బోధించుట యెట్లను విషయమును గూర్చి నేడు ముచ్చటింపదలచితిని. నేను తెలుగు పండితుడను. అయినను కావలి ప్రాంతమున పనిచేసిన కాలములో కొన్ని సంవత్సరములు పౌరశాస్త్రమును గూడ నేనే చెప్పవలసివచ్చినది.

ముందుగా పదమును విచారింతము. ఇది మా పండితుల యలవాటు, మన్నింపుడు. పురమున నుండువాడు పౌరుడు, పల్లెపట్టున నుండువాడు జానపదుడు. పూర్వకావ్యములయందు పౌరజానపదులని యిరువురిని వేరువేరుగా పేర్కొనుట కలదు. 1950 జనవరి 26న అమలునకు వచ్చిన రాజ్యాంగము ఈ భేదమును పాటింపలేదు. దుక్కి దున్నువాడును, వల విసరువాడును నేడు పౌరులే.

1976లో నలువదిరెండవ సవరణచే పది ప్రాథమిక విధులు రాజ్యాంగమున చేరినవి. 2002లో పదునొకండవది చేరినది. వీనిని నేను శతకపద్యములవలె వల్లె వేయించెడివాడను. ఒకనాడు సముద్రతీరపు పాలెమునుండి వచ్చు బాలిక యొకతె పదునొకండింటిని తడబడక యొప్పజెప్పి, కూర్చుండక నిలిచియే యడిగినది: "మా పాలెంలో బోరింగు చెడిపోయి మూడు నెలలైంది, అయ్యా. ఎవరికి రాయాల?"

నాకు తెలియలేదు. ఆ మాట యొప్పుకొనక, అర్జీ వ్రాసి తెమ్మని పంపివేసితిని.

మరునాడు తెచ్చినది. "మహారాజరాజశ్రీ గారి దివ్యసముఖమునకు" అని మొదలు, "తమ పాదదాసురాలు" అని ముగింపు. నడుమ కరుణయు దయయు నాలుగుమారులు. బోరింగు ఏ వీధిలో నున్నదో, ఎన్నడు చెడినదో ఎక్కడను లేదు. ఆ బాలికను తప్పుపట్టుటకు నాకు నోరు రాలేదు. లేఖారచన పేరిట ఏండ్ల తరబడి నేను నేర్పినది అదియే. ఒక గంటలో పౌరుడవని చెప్పి, మరుగంటలో దాసుడవని వ్రాయించుచుంటిని.

ఆ యర్జీని తరగతిలో మరల వ్రాసితిమి. చెడిన తేది యేదని పాలెములో విచారింపగా ఒక్కొక్కరు ఒక్కొక్కటి చెప్పిరట. పిల్లలు రెండు దినములు తిరిగి ఇండ్లు లెక్కించిరి, ఉప్పునీటి బావులెన్నో, మంచినీటికై ఎంతదూరము నడువవలెనో వ్రాసికొనిరి. విధుల నొప్పజెప్పుటలో నేనెన్నడును చూడని యుత్సాహమది.

అర్జీకి జవాబు రాలేదు. 2005 నాటి సమాచారహక్కు చట్టము ప్రకారము అడిగినచో సామాన్యముగా ముప్పది దినములలో బదులీయవలెను గదా, అర్జీ యేమైనదని ఆ బాలిక తల్లి పేరిట అడుగ నిశ్చయించితిమి.

ఆ తల్లి అక్షరదీపమునాటి రాత్రిబడిలో చదివినదట. 1990 ప్రాంతమున మన నెల్లూరు జిల్లాలో సాగిన ఆ యక్షరాస్యతోద్యమమును పెద్దలెరుగుదురు. వయోజనుల వాచకమున సీతమ్మకథ యను పాఠముండెను. ఊరి యాడువారు కూడి సారాయి దుకాణమును మూయించిన కథ. దూబగుంట స్త్రీలు దానిని చదివి, అది మన యూర నేల జరుగరాదని ప్రశ్నించుకొనిరి. సారాయిని ఊరిలోనికి రానీయక యడ్డగించిరి. రోశమ్మగారి పేరు అప్పుడే దేశమునకు తెలిసినది. 1992లో జిల్లాలో సారాయి వేలముపాటలే నిలిచిపోయినవి. 1993 అక్టోబరు 1నుండి రాష్ట్రమంతట సారాయి నిషేధింపబడినది. 1995లో వచ్చిన సంపూర్ణ మద్యనిషేధము 1997లో సడలుట వేరు కథ. ఆ పాఠమును వారెవరికిని ఒప్పజెప్పలేదు, పరీక్షయు లేదు. నా తరగతిలో ఉన్నవి ఆ రెండే.

కాగితము ఆ తల్లి చేతికీయగా, కూడబలుకుకొనుచు ఆసాంతము చదివి, కలము పట్టక, "తేదీ వెయ్యలేదే, ముప్పై రోజులు ఎప్పటినించి లెక్కపెట్టుకునేది?" అన్నది. నేను దిద్దిన కాగితమది.

బోరింగు తరువాత బాగైనది. మా కాగితమువలననో, వేసవి ముంచుకొనివచ్చుటవలననో చెప్పజాలను. లేఖారచన పాఠమును మాత్రము ఉద్యోగవిరమణము వరకు పాతరీతిని మరల చెప్పలేదు.