కళాశాల ఫీజు ఎవరు చెల్లించవలెను?
(శతవార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



గడచిన నూరేండ్లను తలంచుకొని దేవునికి కృతజ్ఞతలు చెల్లించుట యుక్తమే. అయితే ఈ మండలి దినములలో మన బిడ్డల రేపటిని గూర్చి కూడ మాటలాడుకొనవలెను. కావున మాకు అప్పగింపబడిన ఈ కొద్ది సమయములో ఒక ప్రశ్నను మీ ముందుంచుచున్నాము. కళాశాల చదువునకగు ఖర్చును ప్రభుత్వము భరించవలెనా?

ఇది శాసనసభలో చర్చింపవలసిన సంగతి, దేవాలయములో ఎందుకని కొందరికి తోచవచ్చును. మాకును ఒకప్పుడు అట్లే తోచెను. కొంతకాలము క్రిందట మా సంఘములోని ఒక తల్లి సాయంకాలవేళ కుమార్తెతో కూడ మా ఇంటికి వచ్చెను. ఆమె మిరప తోటలలో కూలి పని చేయును. అమ్మాయి నర్సింగు ముగించినది. ఉద్యోగమునకు పిలుపు కూడ వచ్చినది. కాని ప్రభుత్వమునుండి రావలసిన ఫీజు ఇంకను రాలేదు గనుక, ఆ డబ్బు మీరే కట్టినగాని సర్టిఫికెట్లు ఇయ్యమని కళాశాలవారు చెప్పిరి. "అయ్యగారూ, ఉన్న ఒక్క గేదెను అమ్మేయమంటారా?" అని ఆ తల్లి అడిగెను. ఆ ప్రశ్నకు ప్రార్థన ఒక్కటే జవాబని చెప్పి పంపుటకు మాకు మనసొప్పలేదు.

ఈ చదువుల ఖర్చు ఎవరు పెట్టుకొనిరో ఒకసారి వెనుకకు చూతము. 1843లో మచిలీపట్నములో రాబర్టు నోబుల్‌గారు పాఠశాల ప్రారంభించిరి. అదే నేటి నోబుల్ కళాశాలకు మూలము. 1885లో గుంటూరులో లూథరన్ మిషనువారు ఆంధ్ర క్రైస్తవ కళాశాలను స్థాపించిరి. మిషను డబ్బుతోనే చదువు సాగెనని మనము గొప్పగా చెప్పుకొనుట కలదు. అది సగము సత్యము మాత్రమే. 1854 నాటి వుడ్ గారి విద్యా ప్రణాళికతో ప్రభుత్వ గ్రాంటులు ఇచ్చు పద్ధతి ఏర్పడెను. మిషను సంస్థలనేకము ఆ గ్రాంటులతో నిలిచినవి. అనగా ప్రజల పన్నుల సొమ్ము మొదటినుండియు మన బడులలో ఉన్నది. మన తాతలు చదువుకొన్నది ఇతరుల చెమట మీదనే.

స్వాతంత్ర్యమునకు ముందే, 1944లో, షెడ్యూల్డు కులముల విద్యార్థులకు మెట్రిక్ తరువాతి చదువులకు స్కాలర్‌షిప్పులు ప్రారంభమైనవి. 2008లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఫీజు రీయింబర్స్‌మెంటు విస్తరించిన తరువాత, కూలివారి బిడ్డలు ఇంజనీరింగు, నర్సింగు, ఫార్మసీ కళాశాలల గడప త్రొక్కిరి. మన సంఘములలో మొదటి పట్టభద్రులు ఎందరు ఆ విధముగా వచ్చిరో మీమీ సంఘపు పుస్తకములు తెరచి లెక్కించుడి.

అయితే దీనికి ఆక్షేపణలు కలవు. వాటిని తేలికగా త్రోసివేయరాదు.

మొదటిది: కళాశాల ముఖము చూడని కూలివాడు కూడ సబ్బు బిళ్ళ మీద పన్ను కట్టుచున్నాడు. ఆ పన్నుతో కలిగినవారి కుమారుని ఎందుకు చదివించవలెను? ఇది న్యాయమైన ప్రశ్న. రాజ్యాంగము 41వ అధికరణము కూడ రాజ్యము తన ఆర్థిక శక్తి మేరకే విద్యాహక్కును కల్పించవలెనని చెప్పుచున్నది. 1993లో ఉన్నికృష్ణన్ కేసులో సుప్రీంకోర్టు, 14 ఏండ్ల వరకు ఉచిత విద్య హక్కనియు, ఆ పైన అది రాజ్యపు శక్తికి లోబడి ఉండుననియు తీర్పు చెప్పెను. కావున శక్తి కొద్దిదైనప్పుడు మొదట పేదవానికి చెల్లించవలెను. ఇయ్యగలవాడు ఇయ్యవలెను.

రెండవది: దానము వద్దు, అప్పు ఇయ్యుడి, ఉద్యోగము వచ్చిన తరువాత తీర్చుకొందురు అని కొందరందురు. ఇంగ్లండులో 1998లో సంవత్సరమునకు 1,000 పౌండ్ల ఫీజు విధించిరి. 2012 నాటికి అది 9,000 పౌండ్ల వరకు పెరిగెను. అచ్చట ఆదాయము ఒక హద్దు దాటినప్పుడే అప్పు తీర్చుట ప్రారంభమగును. మన పల్లెలలో అప్పు అనగా అట్టిది కాదు. తాకట్టు, వడ్డీ, గడప దగ్గర నిలుచు మనిషి. అప్పు భయముతో మొదట ఆగిపోవునది ఆడపిల్ల చదువే.

మూడవది: ప్రభుత్వపు ఫీజును నమ్ముకొని కళాశాలలు పుట్టగొడుగులవలె మొలిచినవి, పాఠము చెప్పువారు లేరు. ఇందులోనూ నిజము కలదు. ఫీజు చెల్లించుట వేరు, కళాశాలను నిలుపుట వేరు. ప్రభుత్వ కళాశాలలలో అధ్యాపకులను నియమింపక, ప్రైవేటు కళాశాలలకు ఫీజు మాత్రము పంపిన యెడల బాధ్యత తీరదు. జాతీయాదాయములో 6 శాతము విద్యకు ఖర్చు చేయవలెనని 1966లో కొఠారి కమిషను చెప్పెను. 2020 జాతీయ విద్యా విధానము మరల అదే మాట చెప్పవలసి వచ్చెను.

ఇక మన మాట యేమి? లూకా సువార్తలోని సమరయుని తలంచుడి. అతడు గాయములు కట్టెను, తన వాహనముమీద ఎక్కించెను, పూటకూళ్లవానికి రెండు దేనారములు ఇచ్చెను, చాలనిది తిరిగి వచ్చి తీర్చెదనని మాట ఇచ్చెను. ఇందులో డబ్బు ఇచ్చు పని ప్రభుత్వము చేయవలెనని మేము నమ్ముచున్నాము. కూలివాని కష్టముతో నడచు ప్రభుత్వము కూలివాని బిడ్డను చదివించుట భిక్ష కాదు, న్యాయము. మాట ఇచ్చిన తరువాత సమయమునకు తీర్చవలెను. ఆలస్యమైన ఫీజు పేదవాని తలమీద అప్పుగా మారుచున్నది.

కాని గాయము కట్టుటయు, వాహనమెక్కించుటయు మన పని. దానిని ప్రభుత్వముమీదికి నెట్టలేము. దరఖాస్తు నింపుట తెలియక, ఆదాయ ధ్రువపత్రము సకాలములో తేలేక, స్కాలర్‌షిప్పు పోగొట్టుకొను బిడ్డలు మన బెంచీలమీదనే కూర్చుండియున్నారు. ప్రతి పాస్టరేటులో చదువుకొన్న యౌవనులు ఇద్దరు ఆ పనికి పూనుకొనరాదా?

మరియొక మాట కఠినమైనది. సర్టిఫికెట్లు ఆపు పాపము ఇతరులదే అనుకొనవద్దు. విద్యార్థుల అసలు సర్టిఫికెట్లను సంస్థలు తమయొద్ద ఉంచుకొనరాదని 2018లో యూజీసీ తెలిపెను. క్రైస్తవ నామము ధరించిన విద్యాసంస్థలకు ఆ ఉత్తర్వు వచ్చువరకు ఆగవలసిన పనియే లేదు. మన కళాశాలల బీరువాలలో అట్టి సర్టిఫికెట్లు ఉన్న యెడల, ఈ ఉత్సవము ముగియకముందే వాటిని బిడ్డల చేతికి ఇచ్చుట నూరేండ్లకు తగిన కృతజ్ఞతార్పణ.

ఆ తల్లి గేదెను అమ్మలేదు. మా స్త్రీల మైత్రివారు పిడికెడు బియ్యపు కానుకలో దాచిన సొమ్మును బదులుగా ఇచ్చిరి. ఫీజు వచ్చినప్పుడు తిరిగి ఇమ్మనిరి. అమ్మాయి ఉద్యోగములో చేరెను. ప్రభుత్వపు సొమ్ము రాకముందే తన జీతములోనుండి ఆ బదులు తీర్చెను. తీర్చిన తరువాత కూడ నెలనెల కొంత పంపుచునే యున్నది. ఎందుకమ్మా అని అడుగగా, "నా వెనక వచ్చే పిల్లకి అయ్యగారూ" అనెను.

ప్రభుత్వము చెల్లించవలెను. చెల్లింపబడినవారు మరచిపోరాదు. ఈ రెండును కలిసిననాడు మన పిల్లల చదువు ఆగదు. దేవుడు మనకందరికి ఆ మనస్సు దయచేయును గాక. ఆమేన్.