ఐదు సెంట్ల బడితోట
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

ఇంజినీరు కదా, వంతెనల గురించో ఆనకట్టల గురించో చెబుతాడని మీరు అనుకుని ఉండవచ్చు. నేను ఈవేళ బెండకాయ గురించి, తోటకూర గురించి మాట్లాడతాను. మన బడి ఆవరణలో పిల్లలు, గురువులు, మనం కలిసి మందులు కొట్టకుండా కూరగాయలు పండించే ఐదు సెంట్ల తోట వేద్దామన్నది నా ప్రతిపాదన. ఆర్చీ ఒకసారి కడితే నిలబడుతుంది. తోటను రోజూ చూసుకోవాలి. కనుక ముందు లెక్కలు చెబుతాను, తర్వాత మీరే నిర్ణయించండి.

ఇది గాలిలో మేడ కాదు. మన పొరుగున, అప్పటి ఖమ్మం జిల్లా పాల్వంచ ప్రాంతంలోని పునుకుల రైతులు పత్తి చేలల్లో పురుగుమందులు మానేసి ఇరవై ఏళ్లు దాటింది. మన రాష్ట్రంలో 2016లో రైతు సాధికార సంస్థ ప్రకృతి వ్యవసాయాన్ని మహిళా సంఘాల ద్వారా ఊరూరా మొదలుపెట్టింది. ఆ కార్యక్రమానికే 2024లో పోర్చుగల్‌కు చెందిన గుల్బెంకియన్ బహుమతి వచ్చింది. పది లక్షల యూరోల ఆ బహుమతిని మరో ఇద్దరు విజేతలతో పంచుకున్నారు. ఈ కార్యక్రమంలోనే ‘ఏటీఎం’ అనే పద్ధతి ఉంది. 20 సెంట్లలో రకరకాల కూరగాయలు, ఆకుకూరలు విడతలుగా విత్తుతారు. ఒకటి అయిపోయేలోగా ఇంకొకటి కోతకొస్తుంది. మనకు అందులో నాలుగో వంతు నేల చాలు.

ఇక నీళ్లు. ఐదు సెంట్లంటే 242 గజాలు, సుమారు 200 చదరపు మీటర్లు. చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు నీరు నిలిస్తే అది ఒక లీటరు. ఎండ రోజుల్లో పైరుకు దాదాపు ఐదు మిల్లీమీటర్లు కావాలి, అంటే రోజుకు వెయ్యి లీటర్లు. దారులు, గట్లు పోను, గడ్డి కప్పితే అంతకన్నా తగ్గుతుంది. మధ్యాహ్న భోజనం తర్వాత ఒక్కో పిల్లవాడు చేతులు, కంచం కడగడానికి మూడు లీటర్లు వాడతాడనుకుందాం. 200 మంది పిల్లలుంటే 600 లీటర్లు. ఆ నీటిని కంకర, ఇసుక గుంటలోంచి వడగట్టి పందిరి పాదులకు, మునగకు మళ్లిద్దాం. ఆకుకూరలకు మాత్రం మంచినీళ్లే పెడదాం.

ఎరువు ఖర్చు ఇంకా తక్కువ. ఎకరానికి 200 లీటర్ల జీవామృతం వాడతారు. మన తోటకు ఒక విడతకు 10 లీటర్లు చాలు. అరకిలో ఆవుపేడ, అర లీటరు మూత్రం, 100 గ్రాముల బెల్లం, 100 గ్రాముల పప్పు పిండి, చిటికెడు గట్టు మట్టి వేసి నీడలో రెండు రోజులు కలియబెట్టాలి. ఏడో తరగతి పిల్లలు చేయగలరు.

అసలు ఇబ్బంది పురుగుతో. వంగలో కొమ్మ తొలిచే పురుగు చేరితే చివరలు వాడిపోతాయి. మందు కొట్టని తోటలో ఆ చివరను వెంటనే తుంచి నాశనం చేయాలి. బెండలో ఆకుల ఈనెలు పచ్చబడితే ఆ మొక్కను పీకెయ్యాలి, లేదంటే తెల్లదోమ పక్క మొక్కలకూ అంటిస్తుంది. వేపగింజల కషాయం కొంత సాయపడుతుంది. కానీ మందు స్థానంలో అసలు పనిచేసేది మనుషుల చూపు. ఒంటరి రైతుకు ప్రతి ఆకూ తిరగేసే తీరిక ఉండదు. బడికి 200 జతల కళ్లున్నాయి. అందుకే ఇలాంటి తోటకు బడిని మించిన చోటు నాకు కనిపించలేదు.

పైగా మన కార్తెలు, బడి క్యాలెండరు ఒకదానికొకటి అతికినట్టు సరిపోతాయి. మృగశిర వచ్చేసరికి బడి తెరుస్తారు. అప్పుడు వంగ, మిరప నారు పోయాలి. జులైలో నారు నాటి బెండ, గోరుచిక్కుడు, బీర, గోంగూర విత్తితే ఆగస్టు చివరికి బెండ కోతకొస్తుంది. దసరా సెలవుల తర్వాత టమాటా, ముల్లంగి, పాలకూర, మెంతికూర, కొత్తిమీర. నాటు పందిరి చిక్కుడును ముందుగా విత్తినా పగటి పొద్దు తగ్గాకే పూత పడుతుంది, సంక్రాంతికి విరగకాస్తుంది. రథసప్తమికి మన ఇళ్లలో చిక్కుడు కాయల రథం ఎందుకు చేస్తారో పిల్లలకు పందిరి కిందే చెప్పవచ్చు.

చిక్కంతా ఏప్రిల్ చివరి నుంచి. బడికి సెలవులు, తిరువూరు ఎండలు. చాలా బడితోటలు ఎండిపోయేది ఈ ఏడు వారాల్లోనే. అందుకని ఆ కాలంలో కూరగాయలే పెట్టవద్దు. కంది, పెసర, అలసంద, జొన్న, సజ్జ, నువ్వు లాంటి నవధాన్యాలను బీజామృతం, మట్టి, బూడిద పట్టించి పొడి దుక్కిలో చల్లి గడ్డి కప్పుదాం. వాన పడగానే మొలుస్తాయి. పిల్లలు తిరిగి వచ్చాక నాట్లకు ముందు వాటిని నేలలో కలిపేస్తారు. అదే ఆ ఏటి బలం. ఇక మిగిలేవి కరివేపాకు, మునగ, బచ్చలి. వాటికి నీళ్లు పోయాలి, విత్తనాల డబ్బాలు చూసుకోవాలి, గేటు దగ్గర మేకలను ఆపాలి. ఊళ్లో ఉన్నవాళ్లు ఏడుగురు, వారానికి ఒక్కో రోజు చొప్పున వంతు వేసుకుంటే సరిపోతుంది.

హైదరాబాదులో, అమెరికాలో ఉన్న మిత్రులు కంచెకు, డ్రమ్ములకు, పైపులకు డబ్బు పంపగలరు. అది అవసరమే. కానీ వాడిన కొమ్మను డబ్బు చూడలేదు. ఆ ఏడుగురి పేర్లు లేకుండా గునపం వేయవద్దని నా మనవి. పండింది బడి పిల్లల భోజనంలోకి పోవాలి, మిగిలితే వంట చేసే అమ్మలకు. అమ్మకాలు, లాభాలు వద్దు.

బయట బల్ల మీద ఒక నోటుబుక్కు పెట్టాను. అందులో ఏడు వారాలకు ఏడు గడులు గీశాను. భోజనాలకు వెళ్లే ముందు ఊళ్లో ఉన్నవారు ఒకసారి ఆ బల్ల దగ్గర ఆగండి.