గోడ ఉంటే చాలు

ఫుట్‌బాల్ మ్యాచ్‌కు ఇరవై రెండు మంది కావాలి. నేర్చుకోవడానికి మాత్రం ఒక బంతి, ఒక గోడ చాలు.

గోడకు పది అడుగుల దూరంలో నిలబడి, పాదం లోపలి వైపుతో బంతిని తన్నండి. నేల మీద ఆనిన కాలు బంతి పక్కనే ఉండాలి, దాని వేళ్లు గోడవైపు చూడాలి. తిరిగొచ్చిన బంతి తగిలే క్షణంలో పాదాన్ని కాస్త వెనక్కి తీసుకుంటే, అది ఎగిరిపోకుండా మీ దగ్గరే ఆగుతుంది. ఫస్ట్ టచ్ అంటే ఇదే. నా దృష్టిలో సగం ఆట ఇందులోనే ఉంది. కుడికాలితో ఇరవైసార్లు తన్నితే, అలవాటు తక్కువైన ఎడమకాలితో ముప్పైసార్లు తన్నండి. 1951, 1962 ఆసియా క్రీడల్లో స్వర్ణం గెలిచిన భారత జట్ల కోచ్, మన హైదరాబాద్ సయ్యద్ అబ్దుల్ రహీమ్, అలవాటులేని కాలితోనే ఆడాలన్న నియమంతో ఏకంగా పోటీలే పెట్టేవారు.

స్నేహితుడు తోడుంటే రెండు చెప్పులు మూడడుగుల ఎడంగా పెట్టి, వాటి మధ్యనుంచి పాస్‌లు ఇచ్చుకోండి. ఆ తర్వాత ఒకరు బంతిని కాపాడుకోవాలి, ఇంకొకరు లాక్కోవాలి. కాపాడే వంతు మీదైతే మోకాళ్లు వంచి, బంతికీ స్నేహితుడికీ నడుమ మీ ఒళ్లు అడ్డుపెట్టండి. ఆయాసం బాగా వస్తుంది కాబట్టి నిమిషం ఆడి నిమిషం ఆగండి. ఎండ తగ్గాకే మొదలుపెట్టండి, నీళ్ల సీసా దగ్గరుంచుకోండి.