సరుగుడు తోట కోత: రంపము, చమురు, మిగులు సరుకు

చిట్టమూరు, కోట, వాకాడు ప్రాంతముల ఇసుక నేలలలో సరుగుడు వేసిన రైతు నాలుగైదేండ్లు ఓపికపట్టి కూర్చుండును. పెండ్లియో, పిల్లల చదువో, పాత అప్పో ఆ ఒక్క కోతను నమ్ముకొని యుండును. తోట పెరుగుటకు పట్టినవి ఏండ్లు. కోతకు పట్టునవి దినములు. ఆ కొద్ది దినములలో చేయు పనిని బట్టియే ఏండ్ల కష్టములో చేతికి మిగులునది తేలును. అందుచేత కోత యంత్రమును గూర్చియు, దానికి పోయు చమురును గూర్చియు, కోత తరువాత మిగులు సరుకును గూర్చియు నాలుగు మాటలు చెప్పదలచినాము.

సవుక అనియు పిలువబడు ఈ చెట్టు మనకు క్రొత్త కాదు. 1969లో శ్రీహరికోట దీవిని రాకెట్టు కేంద్రమునకు ఎన్నుకొనుటకు పూర్వము అక్కడి వంటచెరకు బకింగ్‌హాం కాలువ పడవలమీద మదరాసు పట్టణపు పొయ్యిలకు చేరెడిది. నేడు సరుగుడు కట్టెకు పొయ్యి ఒక్కటే గిరాకి కాదు. కాగితపు మిల్లులు కొనును. ఇండ్లు కట్టువారు సారవ కొయ్యలకు కొందురు. పందిళ్లకు గుంజలుగా పోవును. కొనువారు పెక్కుమంది యైనప్పుడు అమ్మువాడు లెక్క తెలిసినవాడై యుండవలెను.

మొదట రంపమును గూర్చి. కూలీలు కట్టింగు మిషన్ అని పిలుచు గొలుసు రంపమును, అనగా చైన్ సాను, నేడు పల్లెలలోను చూచుచున్నాము. 1926లో జర్మనీ దేశమున ఆండ్రియాస్ స్టీల్ కరెంటుతో నడచు గొలుసు రంపమును, 1929లో పెట్రోలుతో నడచు దానిని తయారుచేసెను. 1946లో అమెరికాలోని ఓరెగాన్ అడవులలో పనిచేయు జోసెఫ్ కాక్స్ అనునతడు మొద్దును తొలుచు పురుగు దౌడలు కుడి యెడమలకు కదలు తీరు గమనించి, అదే పోకడను గొలుసు పండ్లకు అమర్చెను. నేటి గొలుసులకు ఆ పురుగే గురువు.

ఈ పండ్లకు మన ఇసుక బద్ధశత్రువు. తిరుగుచున్న గొలుసు ఒక్కసారి ఇసుకను తాకిన చాలును, పదును పోవును. కాబట్టి మొదలునకు అంటిన ఇసుకను కొట్టివేసి, నేలకు కొంచెము పైగా కోయవలెను. పడిన మానును ముక్కలు చేయునప్పుడు క్రింద అడ్డకట్టె పెట్టవలెను. వేళ్లను రంపముతో కోయబూనరాదు. అది గడ్డపాఱకును గొడ్డలికిని తగిన పని. రంపమునుండి చిన్న చిన్న పెచ్చులు రాలుచున్న పదును ఉన్నట్లు. పిండివలె పొట్టు రాలుచున్న పదును పోయినట్లు. అప్పుడు బలముతో అదుమక, యంత్రము ఆపి, తగిన కొలతగల గుండ్రని ఆకురాయితో ప్రతి పంటికిని సమానముగ రుద్దవలెను. మొద్దు రంపము పెట్రోలు త్రాగును, మనిషిని అలయించును, అలసిన చేయి జారును.

ఇక చమురు. ఈ యంత్రములలో పెక్కింటికి పెట్రోలులోనే రెండు స్ట్రోకుల ఇంజను ఆయిలు కలుపవలెను. తయారుచేసినవారి పుస్తకములో 50కి 1 అని యున్నచో లీటరు పెట్రోలునకు 20 మిల్లీలీటర్లు, 25కి 1 అని యున్నచో 40 మిల్లీలీటర్లు కలుపవలెను. చేతి అంచనాతో పోయరాదు. ఆయిలు తగ్గిన పిస్టను పట్టివేయును, హెచ్చిన పొగ క్రమ్మి మసి పట్టును. నేటి బంకుల పెట్రోలులో నూటికి 20 వంతుల వరకు ఇథనాలు కలిసియుండును. ఇథనాలు గాలిలోని తేమను పీల్చుకొనును. సముద్రపు గాలి వీచు మన యూళ్లలో ఈ మాట మరింత జ్ఞాపకముంచుకొనవలెను. కావున కొద్ది దినములకు చాలునంత మాత్రమే కలిపి, మూత బిగించి నీడలో ఉంచవలెను. కోత ముగిసి యంత్రమును దాచునప్పుడు టాంకీ ఖాళీ చేయవలెను. గొలుసునకు పోయు ఆయిలు వేఱు. దానికి బదులు లారీనుండి తీసిన పాత నల్లనూనె పోయుట పొదుపు కాదు, అందులోని ఇనుపరజము పట్టాను అరగదీయును. ఇంజను చల్లారిన తరువాతనే పెట్రోలు పోసి, పోసిన చోటినుండి పది అడుగులు దూరము పోయి యంత్రము ఆడింపవలెను. ఎండిన సరుగుడు ఆకు పరచుకొన్న తోటలో బీడీ ముట్టించుట తోటకే నిప్పు పెట్టుట.

ప్రాణమును మించిన లాభము లేదు. వ్రేలాడు తువాలు, పంచె కట్టుకొని రంపము పట్టరాదు. కాలికి బూట్లు, కంటికి అద్దములు, చెవికి అడ్డు, తలకు టోపీ కావలెను. పట్టా కొన పైభాగము కట్టెకు తగిలినచో యంత్రము మెఱుపువలె మొగము మీదికి ఎగురును. కొనతో కోయకుండుట మొదటి పాఠము. భుజమునకు పైయెత్తున కోయరాదు. చెట్టు పడు దిక్కున గంటు పెట్టి, వెనుకనుండి కోయుచు, నడుమ కొంత కట్టెను కీలువలె విడువవలెను. చెట్టు ఎత్తునకు రెండింతల దూరములో ఇతరులెవ్వరును ఉండరాదు. తుపానుకు వంగి ఒకదానిపై ఒకటి ఒరిగిన చెట్లు బిగించిన విల్లువంటివి. వాటిని పని నేర్చిన వానికే వదలవలెను. కరెంటు తీగలకు దగ్గరగా ఉన్న చెట్టును తాకక, విద్యుత్తు శాఖవారికి తెలుపవలెను.

అమ్మకము విషయమున ముఖ్యసూత్రమొకటి కలదు: బరువునకు అమ్ము కట్టెను పచ్చిగా కాటా వేయించవలెను, మంటకు అమ్ము కట్టెను ఆరబెట్టి అమ్మవలెను. మిల్లునకు పోవు 10 టన్నుల కట్టె లారీ రాక గట్టున పడియుండి 8 టన్నులకు తగ్గినచో, ధర మారకున్నను రైతు రాబడిలో అయిదవ వంతు ఎండకు పోయినట్లే. అందుచేత లారీ వచ్చు దినము తేల్చుకొనక కోత మొదలుపెట్టరాదు. తోటను గుత్తకు అమ్ముటకు ముందు నాలుగు మూలల నాలుగు చెట్లు కోసి, తూచి, మొత్తము చెట్ల లెక్కతో హెచ్చవేసి చూచుకొనవలెను. ఆ అంకె చేతిలో నున్నచో దళారి చెప్పు ధరకు బదులు చెప్పగలము.

మిగులు సరుకును ఒకే కుప్పగా అమ్మరాదు. నిటారుగా ఉన్న సన్నకొయ్యలను ఏరి గుంజలకు వేఱుచేయవలెను. కొమ్మలు, చివరలు వంటచెరకు. మోళ్లు ఇటుక బట్టీలకు. బొగ్గు కాల్చదలచినవారు ముందుగ లెక్క వేయవలెను. మట్టి కప్పిన బట్టీలో ఆరిన కట్టె బరువులో అయిదింట నాలుగు పాళ్లు పొగగా, ఆవిరిగా పోవుట సామాన్యము. కావున కిలో బొగ్గు ధర కిలో కట్టె ధరకు అయిదు రెట్లు దాటి, కూలి కూడ గిట్టినప్పుడే ఆ పని లాభము. గుత్త మాటలాడునప్పుడే మోళ్లు, కొమ్మలు ఎవరివో కాగితముపై వ్రాయించుకొనుట మేలు.

అయితే అమ్మరానివియు కలవు. రాలిన ఆకు అట్టివాటిలో మొదటిది. సరుగుడు వేళ్ల బుడిపెలలోని ఫ్రాంకియా అను సూక్ష్మజీవులు గాలిలోని నత్రజనిని చెట్టునకు అందించును. అందులో కొంత రాలిన ఆకుతో నేలకు చేరును. ఊడ్చి అమ్మినచో ఇసుక మరల ఇసుకే యగును. రెండవది సముద్రము వైపున ఉన్న గాలికాపు వరుస. 1977 నవంబరు 19 నాటి దివిసీమ ఉప్పెన తరువాత మన తీరమున ఇట్టి వరుసలను విరివిగా పెంచిరి. ఆ వరుస లేనినాడు వెనుకనున్న వరిచేనిలో ఇసుక మేట వేయును. ఆంధ్రప్రదేశ్ నీరు, భూమి, చెట్ల చట్టము 2002లో వచ్చినది. కావున కోతకు ముందు రెవెన్యూ, అటవీ శాఖల వారిని ఒకమాట అడిగి తెలిసికొనుట మంచిది.

కడపట ఒక్క మాట. కోత దినములలో ఇంటిలో చదువుకొన్న పిల్లవానిచేతనో పిల్లచేతనో ఒక నోటుపుస్తకము పెట్టించవలెను. పెట్రోలు ఎంత, ఆయిలు ఎంత, కూలి ఎంత, కాటాకు ఎక్కినది ఎంత, గుంజలెన్ని, మోళ్లెన్ని అని ప్రతి సాయంకాలము వ్రాయించవలెను. మరల తోట వేయుటయా మానుటయా అను ప్రశ్న వచ్చిననాడు ఇరుగుపొరుగుల మాటకన్న ఆ పుస్తకమే సరియైన సలహా చెప్పును.