చేంతాటితో విద్యుత్పాఠము

విద్యుత్తు కంటికి కనబడదు. పిల్లలకు దానిని బోధించుటలోని చిక్కు అదియే. మద్నూరులో ఒక పాఠశాల ఆవరణమున మేము ఈ పాఠమును తీగలతో గాక, బావి చేంతాటితో ప్రారంభించితిమి. కొనలు రెండును ముడివేసి, ఇరువదిమంది పిల్లలను వలయముగా నిలిపి, త్రాటిని వారి పిడికిళ్లలో వదులుగా నుంచితిమి. ఒక బాలుడు ఎడతెగక లాగవలెను, వాడు బ్యాటరీ. ఎదుటి బాలిక బిగించి పట్టవలెను, ఆమె బల్బు. త్రాడు కదలిన కొంతసేపటికే, "చెయ్యి కాలుతున్నది సార్!" అని ఆమె కేకవేసినది.

బల్బు కరెంటును తినివేయునని అంతవరకు తరగతి యంతయు నమ్మినది. ఆమె పిడికిటిలోనికి పోయిన త్రాడంతయు బయటికి వచ్చుచున్నది గదా! తరుగునది త్రాడు కాదు, లాగువాని సత్తువ. వాడు రొప్పుచునే తల ఊపినాడు.

ఇంటి తీగలలో ఎలక్ట్రానుల సాగుబడి సెకనుకు ఒక మిల్లీమీటరైనను ఉండదు. అయినను మీట నొక్కగనే దీపము వెలుగును. త్రాడు అన్ని చేతులలోను ఒక్కమారే కదలినట్లు. ఇండ్లకు వచ్చు విద్యుత్తును చూపుటకు త్రాటిని సెకనుకు 50 మార్లు ముందువెనుకలకు ఆడింపవలెను. అది మా బాలుని వశము కాలేదు.

1746లో ఫ్రాన్సు దేశమున నొల్లే అను పండితుడు సుమారు 200 మంది సన్యాసులను వరుసగా నిలిపి, వారి గుండ విద్యుత్తును పంపగా అందరును ఒక్కసారిగా ఎగిరిపడిరని చెప్పితిమి. పిల్లలు నవ్విరి. ఒకడు నవ్వలేదు. తడిచేతితో మోటారు పెట్టెను ముట్టి వాని మేనమామ మరణించెనట.

"మనిషి ఈ తాడులకు ఎట్ల వస్తడు సార్?" అని అడిగినాడు.

చేయి పెట్టెపై, వట్టికాళ్లు తడినేలపై ఉన్నపుడు వలయము మనిషి గుండ, నేల గుండ పూర్తియగునని వివరించితిమి. పెట్టెకు ఎర్తు తీగ ఉన్నచో, లోపమున పెట్టెకు చేరిన విద్యుత్తు ఆ దారినే పోవును, ఫ్యూజు కాలును.

మరునాడు వాడు తమ పొలములోని పెట్టెను దూరమునుండి చూచి వచ్చినాడు. ఎర్తు తీగ లేదట.