నిలిచిపోయిన నమూనా

మా వంటగదిలోని గోడ బీరువాలకు మొత్తము 14 తలుపులున్నవి. అందులో నీళ్ళతొట్టి క్రింద నున్న తలుపు, గొట్టము కారి కారి, అడుగున ఉబ్బి, మడతబందు పట్టు వదలి, ఒక ప్రక్కకు వ్రాలినది. తక్కిన 13 తలుపులు చెక్కుచెదరలేదు. ఆ ఒక్కదానిని మార్పించుకొందామని, ఏడేండ్ల క్రిందట వాటిని చేసి యిచ్చిన కార్ఖానాకు వెళ్ళాము. అది సబ్బవరము దగ్గర, అనకాపల్లి నుంచి ఆనందపురము పోయే పెద్ద రోడ్డుకు సమీపముననే ఉన్నది. యజమాని తలుపును రెండుమూడుసార్లు త్రిప్పి చూచి, "ఈ మోడలు ఆపేసినాం బాబూ" అన్నాడు.

మాకు కోపము వచ్చిన మాట నిజము. ఒక్క తలుపు దొరకనందుకు 14 తలుపులూ మార్చుకోవలెనా? ఇది వ్యాపారపు టెత్తుగడ కాదా? ఈ అనుమానము మాకు మాత్రమే కలిగినది కాదు. ఇల్లు కట్టుకొన్నవారందరికీ ఎప్పుడో ఒకప్పుడు కలిగేదే. గచ్చుపలక పగిలినప్పుడు ఆ రంగు దొరకదు. కుళాయి తిరుగుడుబిళ్ళ పోయినప్పుడు ఆ కొలత దొరకదు. అయితే ఆ మధ్యాహ్నము రంపపుపొట్టు వాసనలో రెండు గంటలసేపు కూర్చొని ఆయన చెప్పినది విన్న తరువాత, మా కోపము పూర్తిగా పోలేదుగాని, దాని గురి మారినది.

పూర్వము తలుపుల నమూనా ఆగిపోవడమన్నది లేదు. ఎందుకనగా, నమూనా వడ్రంగి చేతిలో ఉండేది. నాలుగు కమ్ములు కలిపి చట్రము కట్టి, లోపలి అంచున గాడి తీసి, ఆ గాడిలో పలకను నిలిపేవారు. పలకకు జిగురు పెట్టేవారు కాదు. ఇది పొరపాటున వదలినది కాదు, ఎంతో తెలివితో వదలినది. కర్ర నిలువునా దాదాపు పెరగదు, తరగదు. కాని అడ్డముగా వానకాలములో ఉబ్బుతుంది, వేసవిలో కుంచించుకొంటుంది. సముద్రపు గాలి తగిలే విశాఖపట్టణము వంటి చోట ఈ ఊపిరి మరీ ఎక్కువ. గాడిలో వదులుగా నున్న పలక ఆ ఊపిరి పీల్చుకొని, వదలుకొని, చట్రాన్ని పగులగొట్టక ఊరుకొంటుంది. అటువంటి తలుపు ఒకటి పాడైతే, ఏ వడ్రంగి అయినా రెండవదానిని ఎదుట నిలుపుకొని, కొలతలు తీసుకొని, ఉలితో, చిత్రికతో మూడవదానిని చేసేవాడు. పాత తలుపే కొత్త తలుపుకు పటము.

దానికి ముఖ్యముగా కావలసినది మంచి టేకు. ఆంధ్రదేశానికి టేకు రెండు దారుల వచ్చేది. భద్రాచలము అడవుల కర్ర గోదావరి మీద తెప్పలై రాజమహేంద్రవరము చేరేది. బర్మా కర్ర ఓడలెక్కి కోస్తా రేవులకు దిగేది. మొదటి దారిని చట్టము ఇరుకు చేసినది. 1988 నాటి జాతీయ అటవీ విధానము, అడవులు పరిశ్రమలకు ముడిసరుకు గిడ్డంగులు కారాదన్నది. 1996 డిసెంబరు 12న సుప్రీముకోర్టు యిచ్చిన ఉత్తర్వుతో ఆమోదిత ప్రణాళిక లేని నరకుడు ఆగిపోయినది. రెండవ దారిని 2014 ఏప్రిల్ 1న మయన్మారు ప్రభుత్వమే మూసినది. ఆనాటి నుంచి అక్కడ నరికిన దుంగను దుంగగా ఎగుమతి చేయరాదు. అడవి మిగలవలెనన్న కోరిక న్యాయమైనదే. కాని అడవిని కాపాడిన ప్రతి ఉత్తర్వూ ఎక్కడో ఒక కార్ఖానాలో ఒక తలుపు నమూనాను ఆపినది. ఈ లెక్కను మనమెవ్వరమూ వ్రాసుకొనలేదు.

టేకు చోటికి వచ్చినది ఎం.డి.ఎఫ్. పలక. కర్రను నారనారగా విడదీసి, జిగురు కలిపి, వేడిలో అదిమి చేస్తారు. దానికి నిలువు అడ్డమన్న భేదము లేదు. ఋతువులతో అంతగా ఊగిసలాడదు. అందుకే చట్రము, గాడి, పలక అన్న మూడింటి అవసరమూ తీరిపోయి, ఒకే పలక మీద యంత్రపు కోతముక్క చట్రపు ఆకారాన్ని చెక్కివేస్తుంది. ఆ పైన పలుచని పి.వి.సి. పొరను వేడిచేసి, గాలి లాగివేసి, పలకకు చర్మమువలె అంటిస్తారు. చూడడానికి మా 14 తలుపులూ పాత టేకు తలుపులకు మనుమలవలె ఉన్నవి. కాని ఈ పలకకు నీరు గిట్టదు. ఒకసారి తాగి ఉబ్బినదంటే మరల యథాస్థితికి రాదు. మా తొట్టి క్రింద జరిగినది సరిగా ఇదే.

ఇక్కడే అసలు సంగతి ఉన్నది. ఈ తలుపు ఆ కార్ఖానాది అని మనమనుకొంటాము. నిజానికి అందులో కార్ఖానావారిది సగము కూడా కాదు. పలక ఒకరిది, పొర ఒకరిది, కోతముక్క మరొకరిది. పొరను నేసే మిల్లువారు ఆ రంగును మానుకొన్ననాడు, తలుపు చేసేవాడు మానుకొనక తప్పదు. చేసి పెట్టమని అడుగుదామా అంటే, మిల్లువారు చుట్టలకు చుట్టలు కొనుమంటారు. ఒక్క తలుపునకు కావలసినది రెండు మూడు అడుగులు. కోతముక్క సంగతి వేరొకటి. పలకలోని జిగురు గట్టిది. ఎంత గట్టి ఉక్కుముక్కనైనా అరగదీస్తుంది. అరిగినదాని చోట కొత్తది తెస్తే, వంపు వెంట్రుకవాసి మారుతుంది. ఒంటరిగా చూస్తే ఆ తేడా కనబడదు. పాత తలుపు ప్రక్కన బిగిస్తే, ఉదయపు వెలుగులో ఇంటి యిల్లాలికి తప్పక కనబడుతుంది.

"ఒక్క తలుపుకి మిషను ఎక్కిస్తే నాకేటి మిగుల్తాది బాబూ" అన్నాడాయన. మేము కాగితము మీద ఒక లెక్క వేసి చూచాము. ఎనిమిది నమూనాలు, ఒక్కొక్కటి పది రంగులలో, పదిహేను కొలతలలో అనుకొందాము. 1200 రకాల తలుపులైనవి. ఒక్కొక్క రకము రెండేసి నిలువ ఉంచినా 2400 తలుపులకు చోటు, పెట్టుబడి కావలెను. ఒక్క నమూనాను ఆపితే 300 తలుపుల భారము దిగుతుంది. ఏ నమూనాను ఆపుతారు? అమ్మకము తక్కువైనదానిని. మా నమూనా గుండ్రని తోరణము చెక్కినది. ఇప్పుడు వచ్చేవారు నున్నని తలుపులు అడుగుతున్నారట. అందుకు కారణము అభిరుచి ఒక్కటే కాదు. మన వంట పోపుల వంట. నూనె ఆవిరి చెక్కడపు గీతలలో చేరి, ధూళితో కలిసి, గట్టిపడి, గుడ్డకు లొంగదు. మా యింట పండుగ ముందు ఆ గీతలను దంతధావనపు కుంచెతో తోమిన శ్రమ మేమెరుగుదుము. నున్నని తలుపు కోరినవారిని తప్పుపట్టలేము.

ఇనుప తలుపులు పెట్టించుకోరాదా అని కొందరు మిత్రులు సలహా చెప్పారు. గోద్రెజ్ వారు ఉక్కు బీరువాలు చేయడము ప్రారంభించినది 1923లో. నమూనా నిలకడకు అవి మంచి ఉదాహరణమే. విశాఖ ఉక్కు మన ముంగిటనే ఉండగా కొరతేమి అన్నవారూ ఉన్నారు. 1992లో జాతికి అంకితమైన ఆ కర్మాగారము కడ్డీలకు, కోణపు కమ్ములకు ప్రసిద్ధి. బీరువాలకు కావలసిన పలుచని రేకు దాని సరుకు కాదు. ఉప్పుగాలిలో రంగు లేచిన రేకు గతి కూడా తెలిసినదే.

ఆగిన నమూనా తిరిగి లేచిన సందర్భమొకటి మన సమీపముననే ఉన్నది. వరాహనది ఒడ్డున ఏటికొప్పాకలో అంకుడు కర్రను సాన మీద త్రిప్పి లక్కబొమ్మలు చేస్తారు. రసాయనపు రంగులు వచ్చి, ఆకుల నుంచి, వేళ్ళ నుంచి, గింజల నుంచి తీసే రంగులు వెనుకబడినప్పుడు, ఆ రంగుల బొమ్మలూ వెనుకబడినవి. సి.వి.రాజు గారు ఆ సహజవర్ణాలను మరల వెలికి తీశారు. 2017లో ఆ బొమ్మలకు భౌగోళిక గుర్తింపు వచ్చినది. 2023లో ఆయనకు పద్మశ్రీ లభించినది. అక్కడ ముడిసరుకు తిరిగి వచ్చినది గనుక, చేయి బ్రతికి ఉన్నది గనుక, నమూనా లేచినది. మా తోరణపు తలుపునకు ఆ భాగ్యము లేదు. దానిని చేసిన చేయి యంత్రానిది. యంత్రానికి జ్ఞాపకముండదు.

అయితే మరి మా కోపము ఎటు తిరిగినది? నమూనాను ఆపినందుకు కాదు, ఆపుతున్నామని చెప్పనందుకు. "వచ్చే సంక్రాంతితో ఈ తలుపు ఆఖరు, కావలసినవారు ఇప్పుడే తీసుకొనండి" అని పాత ఖాతాదారులకు ఒక్క మాట పంపితే, ఎంతమంది ఒకటి రెండు తలుపులు కొని అటక మీద దాచుకొనేవారు! ఖర్చు ఒక కార్డుముక్క. ఈ మాట అన్నప్పుడు యజమాని కొంతసేపు మాటాడలేదు. తరువాత, పాత రసీదు పుస్తకాలు లేవన్నాడు.

చట్టము ఏమంటుందో అని కూడా విచారించాము. సబ్బవరము దామోదరం సంజీవయ్య జాతీయ న్యాయ విశ్వవిద్యాలయమున్న ఊరు గదా! కేంద్ర ప్రభుత్వము 2022 డిసెంబరులో మరమ్మతు హక్కు కొరకు ఒక వేదికను తెరచినది. వ్యవసాయ యంత్రాలు, ఫోనులు మొదలైన ఎలక్ట్రానిక్ వస్తువులు, ఇంటి యంత్రపరికరాలు, వాహనములు అందులోనికి తీసుకొన్నారు. తలుపులు, బీరువాల ఊసు లేదు. కనుక ప్రస్తుతానికి ఇది కొనేవాడి జాగ్రత్తకు, చేసేవాడి మర్యాదకు వదలిన విషయము. తలుపులు చేయించేటప్పుడే తొట్టి ప్రక్కకు, పొయ్యి ప్రక్కకు చెరొకటి అదనముగా చేయించుకొని, రసీదు మీద పొర సంఖ్య, నమూనా సంఖ్య వ్రాయించుకొనవచ్చు. ఈ రెండు చోట్లనే తలుపులు ముందుగా చెడుతవి. అదనపు తలుపులను గోడకు ఆనించి నిలబెట్టరాదు, వంగుతవి. బల్లపరుపుగా పడుకోబెట్టవలెను.

మేము బయలుదేరబోతుండగా, అంతవరకు ఒక మూల పలకలు దొంతర పెడుతున్న పెద్దవయస్సు మేస్త్రీ దగ్గరకు వచ్చి, "సామాన్ల గదిలో ఇదే కొలత తలుపుంటే విప్పి కిందికి తెచ్చీండి బాబూ, అక్కడికి సాదా తలుపేస్తాను, ఎవరు సూస్తారు" అన్నాడు. ఇంటికి వచ్చి వెదికితే, సామాన్ల గదిలో, ఆవకాయ జాడీల వెనుక, అదే కొలత తలుపు ఒకటి కనబడినది. ముందుగా గొట్టము బాగు చేయించి, మరుసటి ఆదివారమునాడు ఆయన చేతనే దానిని బిగింపించాము.