పికప్ ఎక్కణ్ణుంచి కొలవాలి?

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

ముందు వరుసలో కూర్చున్న మా సైన్సు మాస్టారికి పాదాభివందనం. నా తోటి 1986 బ్యాచ్ వాళ్ళకీ, మా తర్వాత ఈ బెంచీల మీద కూర్చున్న తమ్ముళ్ళకీ చెల్లెళ్ళకీ శుభాకాంక్షలు.

మన సంఘం కార్యదర్శిగారు ఫోన్ చేసి, "అమెరికాలో బళ్ళు టెస్ట్ చేస్తావటగా, ఆ సంగతేదో పది నిమిషాలు చెప్పరా" అన్నారు. టర్బో మోటార్ సైకిల్ పికప్ ఎలా కొలుస్తారో చెబుతాను. దాంతోపాటు మాస్టారికి చెప్పుకోవాల్సిన మాట ఒకటుంది. అది చివర్లో.

టర్బో అంటే ఏమిటో ముందు చెప్పాలి. ఇంజన్లో పెట్రోలు మండాక వేడి పొగ సైలెన్సర్ దారిన బయటికి పోతుంది. ఆ పొగకు అడ్డంగా చిన్న చక్రం పెడితే అది గిర్రున తిరుగుతుంది. అదే ఇరుసుకు రెండో కొసన ఇంకో చక్రం ఉంటుంది. అది బయటి గాలిని ఒత్తిపట్టి ఇంజన్లోకి తోస్తుంది. గాలి ఎక్కువ వెళితే పెట్రోలు ఎక్కువ మండించవచ్చు, బలం పెరుగుతుంది. ఈ చక్రాలు నిమిషానికి లక్ష చుట్లకు పైగా తిరుగుతాయి.

కంపెనీలు 1980ల మొదట్లో దీన్ని మోటార్ సైకిళ్ళకు బిగించి అమ్మాయి. 1982లో హోండా సీఎక్స్ 500 టర్బో తెచ్చింది. యమహా, సుజుకి కూడా దిగాయి. 1984 మోడల్‌గా కవాసాకి జీపీజెడ్ 750 టర్బో వచ్చింది, 112 హార్స్ పవర్. ఆ రోజుల్లో 750 సీసీ బండికి అది చాలా ఎక్కువ. అయినా నాలుగైదేళ్ళలోనే నాలుగు కంపెనీలూ ఈ బళ్ళు ఆపేశాయి. ఖరీదు ఎక్కువ, బరువు ఎక్కువ. పైగా అదే 1984లో అదే కవాసాకి 908 సీసీ ఇంజన్‌తో జీపీజెడ్ 900 ఆర్ తెచ్చి, టర్బో లేకుండానే దాదాపు అంత బలం ఇచ్చింది. అయితే మామూలు బళ్ళకు టర్బో కిట్లు బిగించి అమ్మే చిన్న సంస్థలు అమెరికాలో ఇప్పటికీ ఉన్నాయి.

టర్బోతో చిక్కు ఒకటుంది. టాప్ గేర్లో నెమ్మదిగా పోతూ ఒక్కసారి యాక్సిలరేటర్ తిప్పారనుకోండి. పొగ పెరగాలి, చక్రం వేగం అందుకోవాలి, అప్పుడుగానీ గాలి ఒత్తిడి రాదు. అంతవరకూ బండి బద్ధకంగా ఉంటుంది. తర్వాత వెనకనుంచి ఎవరో తోసినట్టు దూకుతుంది. ఈ ఆలస్యాన్నే టర్బో ల్యాగ్ అంటాం. దాన్ని తగ్గించడానికే కవాసాకి వాళ్ళు టర్బోను ఇంజన్ ముందు, పొగ బయటికొచ్చే చోటికి వీలైనంత దగ్గరగా పెట్టారు.

ఇక కొలవడం. నిలబెట్టిన బండి 4 సెకన్లలో 100 కిలోమీటర్ల వేగం అందుకుందంటే, సగటు త్వరణం సెకనుకు సెకనుకు దాదాపు 7 మీటర్లు. కిందికి పడే రాయి త్వరణంలో 70 శాతం. చేతిలో స్టాప్ వాచీతో కొలిస్తే 0.2 సెకను అటూ ఇటూ అయినా చాలు, లెక్క 5 శాతం తప్పుతుంది. అందుకని సెకనుకు చాలాసార్లు వేగం రాసుకునే జీపీఎస్ యంత్రం పెడతాం. గాలి, రోడ్డు వాలు మోసం చెయ్యకుండా ఒకే రోడ్డు మీద అటు ఒకసారి, ఇటు ఒకసారి నడిపి సగటు తీస్తాం. నడిపే మనిషి, ట్యాంకులో పెట్రోలు, టైర్లలో గాలి అన్నిసార్లూ ఒకటే ఉండాలి.

ఇంత జాగ్రత్తపడ్డా ఒకే బండికి రెండు రకాల ఫలితాలు వస్తాయి. నిలబడ్డచోటునుంచి పావు మైలు పరుగులో ఇంజన్ని ముందే రేజ్ చేసి క్లచ్ వదులుతారు. ఆ తర్వాత ఇంజన్ పై చుట్లలోనే ఉంటుంది కాబట్టి ల్యాగ్ పెద్దగా కనపడదు. టాప్ గేర్లోనే ఉంచి 80 నుంచి 120కి ఎంతసేపట్లో వెళుతుందో చూస్తే ల్యాగ్ అంతా బయటపడుతుంది. రోడ్డు మీద లారీని ఓవర్‌టేక్ చేసేవాడికి కావలసింది ఈ రెండో లెక్కే.

ఇప్పుడు నా సంగతి. 2004లో నేను పనిచేసే టెస్టింగ్ సంస్థకు ఒక టర్బో కిట్ వచ్చింది. 80 నుంచి 120 పరీక్ష నేనే చేశాను. యాక్సిలరేటర్ తిప్పిన క్షణంనుంచి లెక్కేస్తే మొదటి సెకనులో బండి దాదాపు ఏమీ అందుకోలేదు. కిట్ తయారుచేసినాయన, "ఒత్తిడి వచ్చాకే కదా మా టర్బో పని మొదలయ్యేది, అక్కణ్ణుంచి గడియారం మొదలెట్టండి" అన్నాడు. మా పైఅధికారి సరేనన్నాడు. నేను కొత్తగా ఇల్లు కొన్నాను, నెలనెలా వాయిదా కట్టాలి. సంతకం పెట్టాను. రాసిన అంకెల్లో ఒక్కటీ అబద్ధం కాదు. గడియారం ఎక్కణ్ణుంచి మొదలైందో మాత్రం రాయలేదు.

కొన్ని నెలల తర్వాత ఆ కిట్ కొన్న కుర్రాడు మా రిపోర్టు కాపీ పట్టుకుని ఆఫీసుకొచ్చాడు. రెండు వరసల రోడ్డు మీద లారీని దాటబోయాడట. యాక్సిలరేటర్ తిప్పితే బండి కదల్లేదు. ఎదురుగా కారు వస్తోంది. భయపడి మళ్ళీ లారీ వెనక్కి సర్దుకునేసరికి అప్పుడు టర్బో అందుకుంది. లారీని గుద్దబోయి ఆగాడు. దెబ్బలేమీ తగల్లేదు. కాగితం నా బల్ల మీద పెట్టి, "ఆ సెకను ఇందులో ఎక్కడుంది?" అని అడిగాడు. 80 కిలోమీటర్ల వేగంలో సెకనంటే 22 మీటర్లు. నా దగ్గర సమాధానం లేదు.

ఆ వారంలోనే అవే రికార్డులనుంచి రెండు లెక్కలూ తీసి, ల్యాగ్‌తో ఒకటి, ల్యాగ్ లేకుండా ఒకటి, కొత్త రిపోర్టు రాశాను. "ఇది పంపకపోతే పాతదాని మీద నా సంతకం తీసెయ్యండి" అన్నాను. పంపారు. ఆ కస్టమర్ మళ్ళీ రాలేదు. ఆ ఏడాది నా ప్రమోషనూ రాలేదు. మా ఆవిడ మాత్రం, "పోనీలెండి, ఆ పిల్లాడు బాగున్నాడు కదా" అంది.

మాస్టారూ, పదో తరగతిలో మీరు మాచేత సరళ లోలకంతో గురుత్వ త్వరణం కొలిపించారు. నేను బయట మామిడిచెట్టు కింద ఆడుకుని వచ్చి, 980 వచ్చేలా వెనకనుంచి లెక్క కట్టి మూడు రీడింగులూ రాసేశాను. మీరు చూసి కొట్టలేదు. "మూడుసార్లూ ఒక్కలాగే వచ్చిందేంట్రా? వచ్చింది రాయి, రావాల్సింది రాయకు" అని పేజీ మొత్తం కొట్టేసి మళ్ళీ చేయించారు. రెండోసారి నాకు 957 వచ్చింది. దానికే మార్కులు వేశారు. ఆ రోజు కొలిచిందీ త్వరణమే, 2004లో తప్పు చేసిందీ త్వరణం దగ్గరే. మీరు చెప్పింది పద్దెనిమిదేళ్ళు గుర్తుంచుకుని, ఒక్క సంతకం దగ్గర మర్చిపోయాను. ఈ మాట మీ ఎదురుగా చెప్పాలనే ఇంత దూరం వచ్చాను.

ఇప్పుడిక్కడ పాఠాలు చెబుతున్న టీచర్లకు ఒక్క మనవి. ఈనాటి ఫోన్లలో త్వరణం కొలిచే సెన్సర్ ఉంటుంది. పిల్లల్ని ఆర్టీసీ బస్సులోనో ఆటోలోనో కూర్చోబెట్టి కొలవమనండి. ఎవరి లెక్క ఎవరిదాంతోనూ కలవదు. అలా కలవని రీడింగు తెచ్చిన పిల్లాడికి, ఎక్కణ్ణుంచి ఎక్కడిదాకా కొలిచాడో రాస్తే, పూర్తి మార్కులు వెయ్యండి. ల్యాబుకు కావలసిన స్టాప్ వాచీలు, లోలకం గుండ్లు మా బ్యాచ్ తరఫున హెడ్‌మాస్టారికి ఉదయమే అప్పగించాం.

మాస్టారూ, మీరు ఎర్ర సిరాతో కొట్టేసిన ఆ రికార్డు పేజీ మా అమ్మ ట్రంకు పెట్టెలో దొరికింది. తెచ్చాను. సభ అయ్యాక చూపిస్తాను.

సెలవు.